ఆరులో రెండు

2022 దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన వారంలో, మా కాలేజీ ఎంబీఏ డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్న ఒక మేడమ్ నా టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నారు. కోవిడ్ తర్వాత అధ్యాపకుల డబ్బు ఇబ్బందులకూ, పని మీద వాళ్ళకున్న అంకితభావానికీ సంబంధం ఏమైనా ఉందా అన్నది ఆవిడ పరిశోధన. "పది నిమిషాల పని మేడమ్, నింపి పెట్టండి" అని వాట్సాప్‌లో గూగుల్ ఫామ్ పంపారు.

ఫామ్‌లో మొదటి సగం డబ్బు గురించి. నెలాఖరుకి చేతిలో ఏమైనా మిగులుతోందా, వాయిదా ఎప్పుడైనా తప్పిందా, అప్పులు తలచుకుని నిద్ర పట్టని రాత్రులున్నాయా. రెండో సగం పని గురించి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం పేరుతో ఉన్న కొలమానం అది. పదిహేడు వాక్యాలుంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి ఆరు వరకు వేయాలి. సున్నా అంటే ఎప్పుడూ లేదని, ఆరు అంటే ప్రతిరోజూ అని.

నా పనికి అర్థం ఉందనిపిస్తుందా? ఆరు. చేసే పనిని చూసి గర్వపడతానా? ఆరు. పొద్దున లేవగానే పనికి వెళ్ళాలనిపిస్తుందా? అక్కడ ఆగిపోయాను. ఇంతలో బెల్ కొట్టారు. క్లాసుకి వెళ్ళొచ్చి, మళ్ళీ ఫోన్ తెరిచి, రెండు వేశాను.

మర్నాడు ఆవిడ వచ్చి అడిగారు. "మేడమ్, గర్వానికి ఆరు వేసి, పొద్దున్నే వెళ్ళాలనిపించడానికి రెండు వేశారు. చెయ్యి తగిలి పొరపాటున పడలేదు కదా?"

"పొరపాటు కాదు. రెండూ నిజమే" అన్నాను. ఎలా నిజమో అప్పుడు చెప్పలేకపోయాను. లంచ్ అవర్‌లో చెప్పి ముగించే సంగతి కాదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం వైపు ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాను. ఇల్లు వనస్థలిపురంలో. 2016 మార్చిలో 20 లక్షల హోమ్ లోన్ తీసుకుని కొన్న చిన్న ఫ్లాటు. 2020 నాటికి నా జీతం 38 వేలు. సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఏడో వేతన సవరణ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి మొదలయ్యే బేసిక్కే 57,700. ప్రైవేటు కాలేజీల్లో పనిచేసేవాళ్ళకి ఆ కాగితానికీ జీతం చేతిలో పడే రోజుకీ మధ్య ఉన్న దూరం తెలుసు, దాని గురించి ఎక్కువ చెప్పను. మా ఆయనకి ఒక కారు ఉంది. హైటెక్ సిటీలో ఐటీ ఉద్యోగుల్ని రాత్రీ పగలూ ఇళ్ళకి దింపే ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టులో తిప్పేవారు. డీజిల్, వాయిదా పోగా నెలకి 30 వేల దాకా మిగిలేది. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. ఇల్లు గడిచేది.

2020 మార్చి 16 నుంచి కాలేజీలు మూసేశారు. ఆ నెల జీతం సగమే పడింది. లాక్‌డౌన్ కాలంలో సిబ్బందికి జీతాలివ్వాలని, ఉద్యోగాల్లోంచి తీసేయొద్దని ఏప్రిల్‌లో ఏఐసీటీఈ కాలేజీలకు లేఖ రాసింది. ఆ లేఖని మా స్టాఫ్ గ్రూపులో ఎంతమంది ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేసుకున్నామో. జూన్ నుంచి మా డిపార్ట్‌మెంట్‌కి ఆ సగం కూడా ఆగిపోయింది.

మా డిపార్ట్‌మెంట్‌కే ఎందుకు అంటే, మేము హెచ్ అండ్ ఎస్. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ చెప్పేవాళ్ళం. మా పని దాదాపు అంతా ఫస్టియర్‌తోనే. ఆ ఏడాది ఎంసెట్ సెప్టెంబరుకి వాయిదా పడింది. కౌన్సెలింగ్ అయి ఫస్టియర్ క్లాసులు మొదలయ్యేసరికి డిసెంబరు వచ్చింది. "మీకు ఇప్పుడు క్లాసులు లేవు కదా, ఫస్టియర్ వచ్చాక చూద్దాం" అన్నారు. కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి సగమైనా వచ్చింది. మాకు ఆరు నెలలు ఏమీ రాలేదు. అందులో మళ్ళీ అడ్మిషన్ల కోసం ఇంటర్ పిల్లలకి ఫోన్లు చేసే పని మాకే అప్పజెప్పారు. రోజుకి నలభై కాల్స్. అవతల ఫోనెత్తిన తండ్రికి మా కాలేజీ చాలా మంచిదండీ అని చెప్పేదాన్ని. పాఠాలు బాగా చెప్తారని చెప్పేటప్పుడు మాత్రం అబద్ధం ఆడుతున్నట్టు అనిపించేది కాదు.

ఐటీ కంపెనీలన్నీ ఇళ్ళ నుంచే పని మొదలుపెట్టాయి. కారు అపార్ట్‌మెంట్ కింద రెండేళ్ళు దాదాపు అలాగే నిలబడింది. బ్యాటరీ పోకుండా రెండు రోజులకోసారి మా ఆయన కిందికెళ్ళి స్టార్ట్ చేసి, కాసేపు కూర్చుని వచ్చేవారు.

ఇక అప్పుల సంగతి. దీన్ని కాస్త వివరంగా రాస్తాను. నేను లెక్కల టీచర్ని అయి ఉండి కూడా చాలా చోట్ల ఆలస్యంగా లెక్క వేసుకున్నాను.

మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మారటోరియం ప్రకటించింది. మొదట మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 వరకు పొడిగించారు. వాయిదా కట్టక్కర్లేదు అన్న మాట విని ఎంత ఊపిరి పీల్చుకున్నామో చెప్పలేను. హోమ్ లోన్‌కీ కారు లోన్‌కీ రెండింటికీ పెట్టేశాం. వడ్డీ మాత్రం ఆగదని, నడుస్తూనే ఉంటుందని తెలుసు. ఎంత నడుస్తుందో కూర్చుని చూసుకోలేదు. మాకు అప్పటికి మిగిలిన అసలు 18.18 లక్షలు, వడ్డీ 8.5 శాతం, నెల వాయిదా 17,356. ఆరు నెలల్లో 78 వేలకు పైగా వడ్డీ అసలులో కలిసింది. మిగిలి ఉన్న వాయిదాలు 192. ఆరు నెలల తర్వాత మళ్ళీ కట్టడం మొదలుపెట్టేసరికి, అదే వాయిదా, అదే రేటు మీద అవి 211 అయ్యాయి. కట్టకుండా వదిలింది ఆరు. వాటికి బదులు ఆ ఆరూ కాక ఇంకో పందొమ్మిది కట్టాలి. వడ్డీ మీద వడ్డీ తిరిగి ఇస్తామని ఆ నవంబరులో కేంద్రం వేసిన డబ్బు నా ఖాతాలో 1,380 చిల్లర పడింది.

మారటోరియం తీసుకోవడం తప్పని అనను. ఆ ఆరు నెలలు పిల్లలకి పాలూ అత్తమ్మకి షుగర్ మందులూ దానివల్లే వచ్చాయి. కానీ కారు లోన్‌కి పెట్టి, హోమ్ లోన్‌కి కనీసం నెలనెలా వడ్డీ పన్నెండు, పదమూడు వేలు కట్టగలిగి ఉంటే బాగుండేది. అలాంటి దారి ఒకటుందా అని బ్యాంకుకి ఫోన్ చేసి అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

పీఎఫ్ నుంచి కోవిడ్ అడ్వాన్స్ తీసుకోవచ్చన్నారు. ఖాతాలో ఉన్నదాంట్లో 75 శాతం, లేదా మూడు నెలల బేసిక్ ప్లస్ డీఏ, ఏది తక్కువైతే అది. ఇక్కడ చాలామందికి దెబ్బ తగిలింది. మా కాలేజీలాంటి చోట్ల జీతం ఎంతున్నా పీఎఫ్ మాత్రం 15 వేల మీదే కడతారు. ఉద్యోగి నుంచి 1,800, యాజమాన్యం నుంచి 1,800, అందులో 1,250 పెన్షన్ ఖాతాకి పోతుంది. కాబట్టి తొమ్మిదేళ్ళలో రెండున్నర లక్షలకు పైగా జమైనా, నాకు రాగలిగింది మూడు పదిహేనులు, 45 వేలు. అది కూడా వెంటనే రాలేదు. పీఎఫ్‌లో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతో ఉంది. సరిచేయాలంటే అప్పట్లో కాలేజీ కూడా సంతకం పెట్టే జాయింట్ డిక్లరేషన్ కావాల్సి వచ్చింది. కాలేజీ మూసి ఉంది. అకౌంట్స్ ఆయనకి రోజూ ఫోన్ చేసేదాన్ని. ఆయనకీ జీతం లేదు, హయత్‌నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చి, తాళం తీయించి, స్టాంపు వేసి, స్కాన్ చేసి పంపారు. ఆ ఉపకారం మర్చిపోలేను. పేరు సరికావడానికి నలభై రోజులు పట్టింది. ఆ తర్వాత క్లెయిమ్ పెడితే వారం తిరక్కముందే డబ్బు పడింది. ఇప్పుడు ఆ కోవిడ్ వెసులుబాటు లేదు. కానీ ఇది చదివేవాళ్ళలో ప్రైవేటు ఉద్యోగులుంటే పీఎఫ్‌లో మీ పేరు, పుట్టిన తేదీ, నామినీ ఈ రోజే చూసుకోండి. అవసరం వచ్చిన రోజు చూసుకుంటే ఆలస్యమే.

ఆగస్టు చివర్లో గాజులు నాలుగు, ఒక గొలుసు, మొత్తం నాలుగు తులాలు బ్యాంకులో పెట్టాం. అప్పుడు 22 క్యారెట్ల బంగారం తులం యాభై వేల దగ్గర ఉంది. విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని ఆ నెలలోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అనుమతినిచ్చింది. 1,75,000 చేతికొచ్చింది. అందరూ మంచి రేటులో పెట్టారన్నారు. 2021 మార్చి నాటికి తులం నలభై రెండు వేల దగ్గరికి పడిపోయింది. తాకట్టు విలువ అప్పు కంటే తక్కువైంది, కొంత కట్టమని ఫోన్ వచ్చింది. ఎక్కువ ఇస్తున్నారని పూర్తిగా తీసుకోవడంలో ఈ చిక్కు ఉందని అప్పుడు అర్థమైంది. ఇరవై వేలు క్రెడిట్ కార్డు మీద తీసి కట్టాం. ఆ మధ్యలోనే తెలిసినాయన దగ్గర ప్రామిసరీ నోటు మీద లక్షన్నర, నూటికి మూడు రూపాయల వడ్డీ.

ఆ ఏప్రిల్‌లో ప్రైవేటు స్కూలు టీచర్లకి రాష్ట్ర ప్రభుత్వం నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. కాలేజీల్లో చెప్పే మేము ఆ లెక్కలోకి రాం. మా ఆడపడుచు నల్గొండలో ప్రైవేటు స్కూలు టీచరు. వాళ్ళకొచ్చిన బియ్యంలోంచి పది కిలోలు ఎవరితోనో పంపింది. "వదినా, మీకని కాదు, అమ్మకి పంపిన" అంది ఫోన్‌లో. అన్నం వండినప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చేది.

ఇంత రాశాను గాని, నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఈ డబ్బు నా పాఠంలోకి ఎలా వచ్చి కూర్చుందన్నది చెప్పాలి.

2020 డిసెంబరులో ఫస్టియర్ వచ్చారు. సగం జీతం మళ్ళీ మొదలైంది. అప్పటికే నేను ఇంకో రెండు పనుల్లో ఉన్నాను. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా ఇంటర్ పిల్లలకి ఆన్‌లైన్ ట్యూషన్. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఇంకో రెండు బ్యాచ్‌లు. రాత్రి పదకొండు దాకా ఒక యాప్ కోసం పిల్లల డౌట్లకి జవాబులు రాసి పంపడం, ప్రశ్నకి ఇంత అని డబ్బు. మధ్యలో కాలేజీ ఆన్‌లైన్ క్లాసులు. బెడ్‌రూమ్ గోడకి ఒక తెల్ల బోర్డు, దానికెదురుగా రెండు స్టీలు డబ్బాల మధ్య ఇరికించిన ఫోను. స్క్రీన్ మీద అరవై పేర్లుండేవి, ఒక్క ముఖం కనిపించేది కాదు. "అర్థమైందా" అని అడిగితే కాసేపటికి ఎవరో ఒకరు ఎస్ మేడమ్ అని టైప్ చేసేవారు.

వాళ్ళలో అచ్చంపేట దగ్గర ఊరి నుంచి ఒక అబ్బాయి. ఇంట్లో సిగ్నల్ లేదు, చెరువు కట్ట మీదికొచ్చి క్లాసు వినేవాడు. మైక్ ఆన్ చేస్తే గాలి, మేకల అరుపులు వినిపించేవి. ఫస్ట్ యూనిట్‌లో మ్యాట్రిక్స్ ర్యాంక్ చెబుతున్నాను. మ్యాట్రిక్స్ అంటే అంకెల్ని వరుసలుగా పేర్చిన పట్టిక. వరుసల్ని అటూ ఇటూ మార్చి, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి, మ్యాట్రిక్స్‌ని సులువైన రూపానికి తెచ్చి, సున్నా కాని వరుసలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం. ఏటా చెప్పేదే. క్లాసు అయిపోయాక ఆ అబ్బాయి ఉండిపోయాడు. "మేడమ్, మనం నంబర్లన్నీ మార్చేస్తున్నాం కదా. మరి ర్యాంక్ ఎందుకు మారదు?" అన్నాడు.

పదేళ్ళలో ఫస్టియర్ పిల్లల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ముగ్గురో నలుగురో. అలాంటి ప్రశ్న కోసమే ఈ పనిలోకి వచ్చానేమో అనిపించే ప్రశ్న. గడియారం చూశాను. ఆరూ ఇరవై ఎనిమిది. అవతల ట్యూషన్ పిల్లలు లింక్ కోసం మెసేజ్‌లు పెడుతున్నారు. "రేపు చెప్తాను నాన్నా" అని క్లాసు ఆపేశాను.

మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. వాడు మళ్ళీ అడగలేదు. సెమిస్టర్ చివర్లో చూస్తే వాడి హాజరు సగానికి పడిపోయింది. ఫస్టియర్ మ్యాథ్స్ పేపరు ఎం1లో తప్పాడు.

నా వల్లే తప్పాడని అనను. సిగ్నల్ లేదు, ఇంట్లో పని ఉండి ఉంటుంది, ఎన్నో కారణాలుంటాయి. కానీ ఆ సాయంత్రం ఆరూ ఇరవై ఎనిమిదికి నేను డబ్బున్న పిల్లల వైపు వెళ్ళాను. అది నాకు తెలుసు.

2021 మేలో రెండో వేవ్‌లో మా ఫిజిక్స్ సార్ పోయారు. నలభై మూడేళ్ళు. నా పక్క టేబుల్. ఆస్పత్రికి డబ్బు కోసం స్టాఫ్ అంతా చందాలు వేశాం. ఎవరి దగ్గరా ఏమీ లేదు, అయినా ఎవరూ వేయకుండా ఉండలేదు. ఆయన పోయాక ఆయన భార్యకి ఏ దారీ కనిపించని స్థితి. అప్పుడు పీఎఫ్ కాగితాల్లో కూరుకుపోయి ఉన్న నాకు ఒకటి తెలుసు. పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ ఈడీఎల్ఐ అనే బీమా ఉంటుంది. దానికి ఉద్యోగి పైసా కట్టడు, యాజమాన్యమే కడుతుంది. సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి వస్తుంది. ఆ ఏప్రిల్ 28 నుంచే దాని గరిష్ఠ పరిమితిని 7 లక్షలు చేశారు. పీఎఫ్ లెక్కలోకి వచ్చే నెల జీతానికి 35 రెట్లు, దానిమీద పీఎఫ్ నిల్వలో సగం, అది లక్షా డెబ్బై ఐదు వేలకు మించకుండా. 15 వేల మీద 35 రెట్లంటేనే 5.25 లక్షలు. ఆవిడకి ఈ సంగతి తెలియదు. కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఫామ్‌లు నేనే నింపాను, బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసుకి ఆవిడతో రెండుసార్లు వెళ్ళాను. బీమా, పీఎఫ్, వితంతు పెన్షన్ మూడూ కలిపి పెట్టాం. ఆరున్నర లక్షలు వచ్చినరోజు ఆవిడ ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఫోన్ పెట్టేయలేదు. ఆ ఏడాది మొత్తంలో నేను సరిగా చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే అనిపిస్తుంది.

2021 సెప్టెంబరు 1న కాలేజీలు తెరిచారు. నవంబరు నుంచి పూర్తి జీతం. పాత బకాయి మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తినవాళ్ళకి జవాబు రాలేదు. వేరే చోటికి వెళ్దామంటే నా ఎమ్మెస్సీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయి. అకడమిక్ ఇయర్ మధ్యలో ఇవ్వరు.

బయటివాళ్ళకి ఇక్కడితో కథ అయిపోయినట్టే. కాలేజీ బస్సులు తిరిగాయి, క్యాంటీన్ తెరిచారు, జీతాలు పడుతున్నాయి. కానీ నాకు అసలు కష్టం అప్పుడే మొదలైంది. నడుస్తున్నప్పుడు నొప్పి తెలియదు, కూర్చుంటే తెలుస్తుంది కదా, అలాగ. జీతం పూర్తిగా వచ్చినా, కార్డుకీ నోటుకీ నెలకి ఏడెనిమిది వేలు వడ్డీకే పోతోంది. ట్యూషన్లు మానలేను. అయిదింటికి లేచి, పాఠం చెప్పి, వంట చేసి, బస్సెక్కి, క్లాసులో నిలబడేసరికి ఆ రోజుకి నా దగ్గరున్న ఓపికలో సగం ఇతరులకి ఇచ్చేసి ఉండేదాన్ని.

క్లాసులో ఎవరూ తేడా కనిపెట్టి ఉండరు. గంటసేపు చెప్పేదాన్ని, సిలబస్ పూర్తి చేసేదాన్ని, ఫీడ్‌బ్యాక్‌లో మార్కులు తగ్గలేదు. తగ్గినవి ఎవరికీ కనిపించనివి. ఇదివరకు ప్రతి ఏడాదీ కొత్త ఉదాహరణలు తయారుచేసుకునేదాన్ని, ఇప్పుడు 2018 నోట్స్ తీసి అవే చెప్పేదాన్ని. మిడ్ పేపర్లు దిద్దేటప్పుడు పిల్లాడు ఏ మెట్టు దగ్గర దారి తప్పాడో చూసి పక్కన ఒక ముక్క రాయడం నాకు అలవాటు. అది మానేశాను. జవాబు తప్పైతే గీత కొట్టి ముందుకెళ్ళడమే. లంచ్ అవర్‌లో పిల్లలు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడితే, కంప్యూటర్ స్క్రీన్ వైపు చూస్తూ బిజీగా ఉన్నట్టు ఉండేదాన్ని. ఈ వాక్యం రాయడం నాకు కష్టంగా ఉంది.

అలాగని పని మీద ప్రేమ తగ్గిందా? తగ్గలేదు. క్లాసులో మార్కర్ పట్టుకున్న నిమిషం, కేలీ హ్యామిల్టన్ సిద్ధాంతం చివరి గీతకి వచ్చినప్పుడు వెనక బెంచీలో ఎవరో తలెత్తిన నిమిషం, అప్పటికీ అలాగే ఉన్నాయి. అందుకే గర్వానికి ఆరు. కానీ పొద్దున అలారం మోగగానే ఇవాళ ఏ తారీఖు, ఏ ఖాతాలో ఎంతుంది అన్నదే ముందు గుర్తొస్తుంది. కాలేజీ ఆ తర్వాత ఎప్పుడో గుర్తొస్తుంది. అందుకే రెండు. టీచర్లలో అంకితభావం తగ్గిపోయింది అని మీటింగుల్లో పెద్దవాళ్ళు అన్నప్పుడు నాకు బాధ కలిగేది అందుకే. మా అంకితభావం ఎక్కడికీ పోలేదు. దాని చుట్టూ ఉండాల్సిన టైమూ, తలలో ఖాళీ, ఇవి తాకట్టులో ఉన్నాయి.

ఆ ఫామ్ నింపిన వారమే ఆదివారం ఒక తెల్ల కాగితం తీసుకుని మొదటిసారి అప్పులన్నీ ఒకచోట రాశాను. అప్పటిదాకా అవి నా తలలో, మా ఆయన తలలో వేరువేరుగా ఉండేవి. ఇద్దరం ఒకరికొకరు కొంత దాచుకున్నాం కూడా. ఆయన బావమరిదికి ఇవ్వాల్సిన పదిహేను వేలు, నేను కొలీగ్ దగ్గర తీసుకున్న ఎనిమిది వేలు ఆ రోజే బయటికొచ్చాయి. క్రెడిట్ కార్డు 92 వేలు, నెలకి మూడున్నర శాతం. నోటు లక్షన్నర, నెలకి మూడు శాతం. బంగారం లక్షన్నర పైన, ఏడాదికి తొమ్మిది. కారు, ఇల్లు.

కాగితం చూస్తుంటే గత రెండేళ్ళు మేము చేసింది ఏమిటో కనిపించింది. బంగారానికి కార్డు నుంచి తీసి కట్టాం. కార్డుకి నోటు నుంచి తీసి కట్టాం. నోటు వడ్డీకి ట్యూషన్ డబ్బు అడ్వాన్సు తీసుకున్నాం. వరుసలు మార్చుకుంటూ వచ్చాం, ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో కలుపుతూ వచ్చాం. అంకెలన్నీ మారాయి, అప్పు మారలేదు. ఆ అబ్బాయి ప్రశ్న నాకు అక్కడ గుర్తొచ్చింది.

ముందు ఏది తీర్చాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "ముందుగాల బంగారం ఇడిపియ్యి బిడ్డా, ఆడపిల్ల ఉన్న ఇల్లు" అంది అత్తమ్మ. గాజుల్లో రెండు ఆవిడ పెట్టినవి. ఆవిడ బాధ నాకు తెలుసు. "అత్తమ్మా, బంగారం మీద నెలకి పన్నెండు, పదమూడు వందలే వడ్డీ. కార్డు, నోటు కలిపి దానికి ఆరింతలు. అవి పోతే బంగారం దానంతటదే ఇంటికొస్తది" అని కాగితం మీద గీసి చూపించాను. ఆవిడ అంకెలు చదవలేదు గాని, నా ముఖం చూసి సరే అంది.

2022లో ఐటీ ఆఫీసులు మెల్లగా తెరిచాయి, కారు మళ్ళీ రోడ్డెక్కింది. ఆ ఏడాది మే నుంచి, రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద తీసుకునే వడ్డీ, రెపో రేటు, పెరుగుతూ వచ్చి తర్వాతి ఫిబ్రవరికి 6.5 శాతానికి చేరింది, హోమ్ లోన్ వాయిదాలు ఇంకొన్ని పెరిగాయి. దాని జోలికి పోలేదు. కార్డు 2023 జనవరిలో అయిపోయింది. నోటు మే నెలలో. చించిన నోటు ముక్కలు మా ఆయన చాలా రోజులు పర్సులో పెట్టుకున్నారు.

జూన్ నుంచి పొద్దుటి ట్యూషన్ బ్యాచ్ మానేశాను. మొదటి వారం ఐదింటికే మెలకువ వచ్చేది, ఏం చేయాలో తోచేది కాదు. బాల్కనీలో కూర్చునేదాన్ని. రెండో వారం ఎందుకో పాత మిడ్ పేపర్ల కట్ట ఇంటికి తెచ్చుకున్నాను. ఒక పేపర్లో ఒక పిల్ల లెక్క మొత్తం సరిగా చేసి చివర్లో మైనస్ గుర్తు వదిలేసింది. పక్కన పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఇంత దూరం వచ్చి ఇక్కడ వదిలేశావే" అని రాశాను. రాశాక తెలిసింది, అలా రాసి మూడేళ్ళయిందని.

ఆగస్టులో బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళకి శనివారం క్లాసులు ఎవరైనా తీసుకుంటారా అని హెచ్‌వోడీ సార్ అడిగితే నేను తీసుకుంటానన్నాను. లిస్టులో ఆ అచ్చంపేట అబ్బాయి పేరుంది. ఫైనల్ ఇయర్‌కి వచ్చేశాడు, ఎం1 ఇంకా ఉంది. మొదటిసారి వాడి ముఖం సరిగ్గా చూశాను. ఊహించుకున్నదానికంటే పొడుగు, గడ్డం పెంచాడు. క్లాసయ్యాక ఆపి, ర్యాంక్ ఎందుకు మారదని ఒకసారి అడిగావు గుర్తుందా అన్నాను. వాడికి గుర్తులేదు. చెరువు కట్ట మాత్రం గుర్తుంది అన్నాడు.

అయినా చెప్పాను. ప్రతి వరుసా ఒక సమాచారం అనుకో. రెండో వరుస మొదటిదానికి రెట్టింపే అయితే, అది కొత్తగా ఏమీ చెప్పట్లేదు, తీసేస్తే సున్నా అవుతుంది. మనం వరుసల్ని ఎన్ని రకాలుగా కలిపినా, విడదీసినా, మళ్ళీ వెనక్కి రాగలిగే పనులే చేస్తున్నాం. వెనక్కి రాగలిగితే, ఏమీ పోగొట్టుకోలేదని అర్థం. కొత్తగా తెచ్చుకున్నదీ లేదు. నిజంగా వేరువేరు సంగతులు ఎన్ని ఉన్నాయన్నది మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే. అదే ర్యాంక్. బోర్డు మీద మూడు వరుసలు వేసి వెనక్కి తెచ్చి చూపించాను. ఇరవై నిమిషాలు పట్టింది. "ఓ, అంతేనా మేడమ్" అన్నాడు. బస్సు టైమైందని వెళ్ళిపోయాడు. ఆ సప్లిమెంటరీలో పాసయ్యాడు.

బంగారం ఆ డిసెంబరులో విడిపించాం. అత్తమ్మ గాజులు ఒకరోజంతా వేసుకుని, రాత్రి తీసి నా చేతికిచ్చింది. హోమ్ లోన్ ఇంకా చాలా ఏళ్ళుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని మొన్నామధ్య జీతం మళ్ళీ ఇరవయ్యో తారీఖు దాకా పడలేదు. ఆ పది రోజులూ పొద్దున లేవగానే ముందు ఖాతానే గుర్తొచ్చింది.

ఈ సెమిస్టర్ శనివారం క్లాసుకి పదకొండు మంది వస్తున్నారు. తొమ్మిదిన్నరకి మొదలు. ముందు వరుసలో కూర్చునే అమ్మాయి దేవరకొండ నుంచి పొద్దుటి బస్సుకి వస్తుంది, పది నిమిషాలు ఆలస్యమైనా పర్లేదని చెప్పాను.